పెర్త్ కొండల అడవిలో సైకిలు దారిని మూసివేయడం న్యాయమేనా?

తొక్కుడుబండి

పశ్చిమ ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరానికి తూర్పున, కాలముండా ఊరు దాటిన తరువాత వచ్చే కొండల్లోని సంరక్షణ అడవిలో, మౌంటెన్ బైకులు తొక్కేవారందరికీ తెలిసిన ఒక సన్నని దారి ఉండేది. పోయిన వారం వెళ్లి చూస్తే దాని మొదట్లోనే దుంగలు అడ్డం వేసి, మలుపుల్లో ఎండుకొమ్మలు పరిచి, అనుమతి లేని దారి కనుక మూసివేసినట్లు ఒక బోర్డు పాతారు. కారణంగా రాసినది ఒకే ముక్క: డైబ్యాక్ తెగులు నివారణ. వేళ్లు కుళ్లి చెట్లు చచ్చిపోయే తెగులు అది. అదే అడవిలో నడిచేవారికి ఏ అడ్డూ లేదు. కంగారూలు, అడవి పందులు ఇష్టం వచ్చినట్లు తిరుగుతున్నాయి. మంటలు ఆర్పే బండ్ల కోసం వేసిన మట్టిరోడ్ల మీద ఫోర్‌వీల్ డ్రైవ్ వాహనాలు బురద చిమ్ముకుంటూ పోతున్నాయి. ఇక్కడికి దక్షిణాన జర్రాడేల్‌లో 1963లో మొదలైన బాక్సైటు తవ్వకం, చోటు మారుతూ, ఇప్పటికీ జర్రా అనే ఒక రకం యూకలిప్టస్ చెట్ల అడవిలో సాగుతూనే ఉన్నది. వీటన్నిటినీ వదిలి రెండున్నర అంగుళాల టైరు మీద పడడం ఏమి న్యాయమో నాకు అర్థం కావడం లేదు. అభ్యంతరం రాసి పంపాలనుకుంటున్నాను. ఏ వాదనతో వెళితే వింటారో ఇక్కడి అనుభవజ్ఞులు చెప్పగలరు.

పీగ్రావెల్_బాధితుడు

ఆ దారి మూసివేసినందుకు నా మోకాలిచిప్పలు మాత్రం హర్షం ప్రకటిస్తున్నాయి. రెండో మలుపులో ఎర్రమట్టి మీద పరుచుకొని ఉండే ఆ గుండ్రటి గులకరాళ్ల మీద ముందు బ్రేకు పట్టినవాడెవడూ బట్టలు చిరగకుండా ఇంటికి రాలేదు.

బత్తాయితోట

మా నాన్నగారికి నల్లగొండ జిల్లాలో బత్తాయి తోట ఉన్నది. చెట్టు మొదట్లో బెరడు పగిలి బంక కారడం, ఆకులు పసుపుబారడం, చివరికి నిండుగా కాసే చెట్టు నిలువునా ఎండిపోవడం చిన్నప్పటినుంచి చూసినవాడిని. ఆ బంక తెగులును తెచ్చే ఫైటోఫ్తోరా ప్రజాతికే చెందిన మరొక జాతి ఇక్కడి డైబ్యాక్‌కు కారణం. 1845 నుంచి ఐర్లండులో బంగాళాదుంప పంటను నాశనం చేసి కరవు తెచ్చినది కూడా ఈ ప్రజాతిదే. ఇక్కడి జాతి పేరు ఫైటోఫ్తోరా సిన్నమోమి. దీనిని 1922లో సుమత్రాలోని దాల్చినచెక్క చెట్ల మీద మొదటిసారి గుర్తించి వర్ణించారు. చాలామంది దీనిని శిలీంధ్రం అంటారు గానీ, ఇది నీటిబూజు వర్గానికి చెందినది. దాని బీజాలకు తోకలుంటాయి. తడి నేలలోని నీటి పొరలో ఈదుకుంటూ పోయి సన్నని వేళ్లను పట్టుకుంటాయి. వేళ్లు కుళ్లిపోయిన చెట్టు, నేలలో నీరున్నా తీసుకోలేక, ఎండాకాలం రాగానే చచ్చిపోతుంది.

కాలముండాకు దగ్గర్లోని కారగల్లెన్ వద్ద జర్రా చెట్లు గుంపులుగా చనిపోతున్నట్లు 1921లోనే గమనించారు. అసలు కారణం తేలడానికి 1960ల మధ్య వరకు పట్టింది. ఆ నలభై ఏళ్లూ, తెలియక, తెగులు ఉన్నచోటి గ్రావెల్‌ను తవ్వి తెగులు లేనిచోట రోడ్లకు పోశారు. తనంతట తానుగా ఈ తెగులు ఎత్తువైపు ఏడాదికి సుమారు ఒక మీటరు దూరమే, వేరు నుంచి వేరుకు పాకుతుంది. అది కిలోమీటర్లు దాటి మరో కొండ ఎక్కాలంటే మట్టిని ఎవరో మోసుకుపోవాలి. లారీ టైరు కావచ్చు, బూటు కావచ్చు, సైకిలు కావచ్చు. నైరుతి ఆస్ట్రేలియాలోని స్థానిక మొక్క జాతుల్లో దాదాపు 40 శాతం దీనికి లొంగేవే. తోటలో అయితే రంగపూర్ నిమ్మ మీద అంటు కట్టిన మొక్క తెచ్చుకుంటాము, మొదలుకు నీరు తగలకుండా పాదు చేస్తాము, బోర్డో పేస్టు పూస్తాము. అడవికి ఆ సేవ ఎవరు చేస్తారు?

తొక్కుడుబండి

బత్తాయితోట గారు రాసినది శ్రద్ధగా చదివాను. అయితే మోసేది బూటు కూడా కావచ్చునని మీరే అన్నారు. అటువంటప్పుడు నడిచేవారిని ఎందుకు ఆపలేదన్న నా ప్రశ్న అలాగే మిగిలి ఉన్నది. అడవి పందుల సంగతి సరేసరి.

జర్రానీడ

పందికి బోర్డు చదవడం రాదు, మనకు వచ్చు.

నడిచేవారి పక్షాన నేనూ ఒక మాట చెబుతాను, ఎందుకంటే నేను నడిచే బాపతు. కాలముండాలో మొదలై ఆల్బనీ వరకు సుమారు 1,000 కిలోమీటర్లు సాగే బిబ్బుల్మన్ ట్రాక్ మీద సైకిలుకు అనుమతి లేదు. దానికి బదులుగా మండేరింగ్ నుంచి అదే ఆల్బనీ వరకు మండా బిడ్డీ ట్రైల్‌ను సైకిళ్ల కోసమే వేసి, 2013లో పూర్తి చేశారు. అదీ 1,000 కిలోమీటర్లు పైబడినదే. కాబట్టి ఈ రాష్ట్రంలో సైకిలంటే కక్ష అన్న వాదన నిలవదు. నడిచేవారి కోసం దారుల మొదట్లో బూట్లు తోముకునే బ్రష్షులు పెడతారు. అందరూ వాడతారని నేను చెప్పను. నాతో వచ్చే బృందంలో సగం మంది దాని పక్కన నిలబడి ఫోటో దిగి ముందుకు సాగిపోతారు. కానీ నడిచేవాడు ఒక పూటలో పది కిలోమీటర్లు పోతే, సైకిలువాడు ముప్పై పోతాడు. ఆ ముప్పైలో ఎన్ని వాగులు దాటుతాడో, ఎక్కడి మట్టిని ఎక్కడికి చేరుస్తాడో ఆలోచించండి.

దారిమేస్త్రి

అనుమతి ఉన్న ట్రైల్స్ వేసే, బాగుచేసే స్వచ్ఛంద బృందంతో కలిసి పనిచేస్తుంటాను. టైరా బూటా అన్న తగువులో నాకు పెద్ద ఆసక్తి లేదు. సరిగా వేసిన ఒకే దారి మీద పోయినప్పుడు నడక, సైకిలు చేసే నష్టంలో చెప్పుకోదగిన తేడా ఉండదు. గుర్రం రెండింటికన్నా ఎక్కువ పాడుచేస్తుంది. తేడా అంతా ఆ దారిని ఎక్కడ, ఎలా వేశారన్న దానిలో ఉన్నది.

తొక్కుడుబండి గారు చెబుతున్న దారి నాకు తెలుసు. అది వాలుకు అడ్డంగా పోకుండా నిట్టనిలువుగా దిగుతుంది. దారి వాలు, అది పోతున్న కొండ వాలులో సగానికి మించకూడదని మా పనిలో ఒక మోటు లెక్క ఉన్నది. మించితే వాననీరు దారిని అడ్డంగా దాటి పక్కకు పోదు, దారినే కాలువ చేసుకుంటుంది. మేము సగటు వాలు పది శాతం దాటకుండా చూస్తాము, దారి అంచును లోయవైపు కొద్దిగా వంచుతాము, నీరు బయటికి పోవడానికి మధ్యమధ్య చిన్న పల్లాలు, మిట్టలు పెడతాము. ఇవేవీ లేని దారికి ఒకటి రెండు వానాకాలాల్లో మధ్యలో లోతుగా గాడి పడుతుంది. గాడిలో నీరు నిలవగానే తొక్కేవారు పక్కనుంచి పోతారు, అడుగు వెడల్పు దారి ఆరడుగులవుతుంది, ఆ అదనపు అయిదడుగులూ నిన్నటిదాకా మొక్కలున్న నేలే.

ఇక తెగులు లెక్కలో చూడండి. ఆ దారి మిట్ట మీద మొదలై వాగులో దిగుతుంది. వాగు పక్కన ఎప్పుడూ తడి ఉంటుంది. వాగు బురదను టైర్లకు పట్టించుకొని మళ్లీ పైకి వెళ్లి ఇంకోసారి దిగుతాము. తనంతట తాను ఎక్కాలంటే తరాలు పట్టే ఎత్తుకు, ఆ తెగులును మనమే ఆదివారం ఆదివారం లిఫ్టు ఎక్కిస్తున్నాము.

నిదానమేప్రధానం

ఆ దారి వేసిన మహానుభావుడెవరో గానీ వాలు ఎంతో కొలవలేదు. దిగడానికి ఎన్ని సెకన్లు పడుతుందో మాత్రం కొలిచి, తొక్కినవారు తమ దారినీ సమయాన్నీ పంచుకునే స్ట్రావా యాప్‌లో పెట్టాడు. ఆ గీతను చూసి వచ్చినవారే మిగతావారంతా, నాతో సహా.

రెండో_గేరు

తొక్కుడుబండి గారి కోపాన్ని అంత సులువుగా కొట్టివేయకండి. పెర్త్ కొండల్లో అనుమతి ఉన్న దారులు పెరిగిన దానికన్నా తొక్కేవారు వేగంగా పెరిగారు. బ్యాటరీ సైకిళ్లు వచ్చిన తరువాత కొండ ఎక్కలేనివారంటూ లేరు. ఆదివారం ఉదయం, అనుమతి ఉన్న దారులు మొదలయ్యే కామెల్ ఫామ్ దగ్గర కారు నిలిపే చోటు దొరికితే అదృష్టవంతులమనుకోవాలి. ఒక దారిని మూసి, బదులుగా ఇంకొకటి చూపకపోతే, నెల తిరగకముందే రెండు వందల మీటర్ల అవతల కొత్త గీత పుడుతుంది, అదీ అంతవరకు ఎవరూ అడుగు పెట్టని నేలలో. అప్పుడు ఈ మూసివేత వల్ల తెగులుకు అడ్డుపడినట్లా, దారి చూపినట్లా?

డ్వెలింగప్‌కు వెళ్లి చూడండి. లేన్ పూల్ రిజర్వు లోపలే, పద్ధతి ప్రకారం పరిశీలించి, సైకిలు దారులు వేశారు. జర్రాడేల్‌లోని లాంగ్‌ఫర్డ్ పార్కు దారులైతే ఒకప్పుడు బాక్సైటు తవ్వి, మళ్లీ చెట్లు నాటిన నేలలో ఉన్నాయి. అంటే చేయాలనుకుంటే చేయగలరు. చేయనప్పుడు దుంగలు ఒక్కటే సమాధానం కాదు.

కాకటూ_కాలనీ

బదులు దారి చూపాలన్న మాట సబబే, కానీ ఏ నేలలో చూపాలన్నది ముందు తేలాలి. మీరు చెబుతున్న మిట్ట మీద బ్యాంక్సియాలు, గడ్డిచెట్లు వంటి స్థానిక మొక్కలు ఇంకా పచ్చగా ఉన్నాయి. తెగులు దిగినచోట మొదట పోయేవి ఇటువంటివే. జర్రా పెద్దచెట్టు కొంతకాలం ఓర్చుకుంటుంది. మారి, వాండూ చెట్లకు దాదాపు ఏమీ కాదు. అందువల్ల రోడ్డు మీద కారులో పోయేవారికి అడవి నిండుగానే కనబడుతుంది. కింది పొద మొత్తం ఖాళీ అయిపోయిన సంగతి దిగి లోపలికి నడిస్తే గానీ తెలియదు.

నేను చూడబోయేది కార్నబీ నల్ల కాకటూలను. నైరుతి మూల తప్ప లోకంలో ఇంకెక్కడా లేని ఈ పక్షులకు బ్యాంక్సియా, హేకియా మొక్కల గింజలు ముఖ్యమైన తిండి. అంతరించే ప్రమాదంలో ఉన్నవాటి ప్రభుత్వ జాబితాలో వీటి పేరు ఉన్నది. సైకిళ్ల చప్పుడుకు పక్షులు బెదురుతాయని కొందరు అంటారు గానీ నాకు ఆ ఫిర్యాదు లేదు. గూటి కిందకు మూడుకాళ్ల స్టాండు వేసుకొని చేరే మా కెమెరాలవాళ్లే వాటిని ఎక్కువ వేధిస్తారు. నా బాధ అంతా వాటి తిండి గురించే.

తొక్కుడుబండి

ఇంతమంది ఇంత రాసినా బాక్సైటు గురించి ఎవరూ నోరు విప్పడం లేదు. హెక్టార్ల లెక్కన చదును చేసేవారికి అనుమతి పత్రం, అడుగు వెడల్పు దారికి దుంగలు!

బత్తాయితోట

తవ్వకాన్ని నేను సమర్థించడం లేదు. స్థానిక అడవుల్లో కలప కోసం చెట్లు కొట్టడాన్ని ఈ రాష్ట్రం 2024 జనవరి నుంచి ఆపివేసింది; తవ్వకం గురించి కూడా గట్టిగా అడగవలసిందే. అయినా గనుల యంత్రాలకు సైతం తెగులు హద్దులు గుర్తించాలి, ఆ హద్దు దాటే ముందు మట్టి కడుక్కోవాలి అన్న నియమాలు ఉన్నాయి. వారు ఎంత నిజాయితీగా పాటిస్తున్నారన్నది వేరే తగువు. వారికి ఉన్న నియమం మనకు వద్దని మాత్రం వాదించలేము. పైగా ఒకసారి దిగిన తెగులును నేల నుంచి తీసివేసే మందు లేదు. ఫాస్ఫైట్ ద్రావణాన్ని మానులోకి సూదితో ఎక్కించినా, ఆకుల మీద చల్లినా, మొక్కకు కొన్నేళ్లపాటు తట్టుకునే శక్తి వస్తుంది, అంతే. నేలలో ఉన్నది నేలలోనే ఉంటుంది.

నిదానమేప్రధానం

తవ్వకం మీద వేరే చర్చ మొదలుపెట్టండి, వచ్చి సంతకం చేస్తాను. ఈ చర్చను తవ్వకండి.

సిడ్నీ_అల్లుడు

మా వైపు కూడా ఇదే రగడ. మాన్లీ డ్యామ్ చుట్టూ ఉన్న పొదల అడవిలో నడిచేవారు, సైకిళ్లవారు చాలాకాలంగా సర్దుకుపోతున్నారు, అప్పుడప్పుడు గంట కొట్టలేదని అరుచుకోవడం మినహాయిస్తే. ఆ డ్యామ్ పైనున్న కర్ల్ కర్ల్ వాగులో తడి రాళ్ల మీదుగా పైకి పాకే గెలాక్సియస్ అనే చిన్న చేప ఉన్నది. దారి నుంచి కొట్టుకువచ్చే మట్టి వాగులో పడితే దానికి ముప్పు. వెస్ట్‌లీలో ఇంకా పెద్ద గొడవ జరిగింది. అక్కడ మిగిలిన కాస్త టర్పెంటైన్-ఐరన్‌బార్క్ అడవిలో, అనుమతి లేకుండా పుట్టుకొచ్చిన సైకిలు దారులను ఉంచాలా తీసివేయాలా అని స్థానిక మండలి ముందు వాదోపవాదాలు నడిచాయి. సైకిళ్లవారు అడవిని ప్రేమిస్తామంటారు, మొక్కలవారు అడవిని ప్రేమిస్తామంటారు, ఇద్దరికీ మధ్య నలిగేది అడవి.

నీటిబొట్టు

పెర్త్ కొండల్లో తెగులు కాక ఇంకో చిక్కు ఉన్నది, దానిని ఎవరూ ప్రస్తావించలేదు. ఆ కొండల్లో చాలా భాగం తాగునీటి జలాశయాల పరీవాహక ప్రాంతం. 1903లో బంగారు గనుల ఊళ్లకు, అంటే సుమారు 530 కిలోమీటర్ల దూరంలోని కాల్గూర్లీ దాకా, గొట్టం ద్వారా నీరు పంపడం మొదలుపెట్టినది మండేరింగ్ జలాశయం నుంచే. జలాశయం చుట్టూ రెండు కిలోమీటర్ల వరకు వినోదం కోసం చేసే పనుల మీద గట్టి ఆంక్షలు ఉంటాయి. బదులు దారి కావాలని రాసేవారు ఆ రెండు కిలోమీటర్ల గీత ఎక్కడ ఉన్నదో ముందు పటంలో చూసుకొని రాయడం మంచిది. లేకపోతే చదవకుండానే పక్కన పెడతారు.

అమ్మా_ఆగు

మా పిల్లలిద్దరినీ ఆకుపచ్చ గుర్తు ఉన్న తేలిక దారుల్లోనే తిప్పుతాను. నీలం, నలుపు గుర్తుల వైపు వాళ్లు చూసినా నేను చూడను. ఇప్పటివరకు మాకు ఎదురైన పెద్ద ట్రాఫిక్ సమస్య దారి మధ్యలో ఎండ కాచుకుంటూ పడుకొనే బాబ్‌టెయిల్ తొండ. అది నీలం నాలుక చాపి బెదిరిస్తుంది, పిల్లలు దిగి సైకిళ్లు నడిపించుకుంటూ చుట్టూ తిరిగి పోతారు. నా సందేహం ఒకటే. నేల ఎండి దుమ్ము రేగే కాలంలో తొక్కితే ఈ తెగులు భయం ఉండదా?

దారిమేస్త్రి

చాలా తగ్గుతుంది, పూర్తిగా పోదు. ఎండిన నేలలోనూ దళసరి గోడ ఉన్న బీజాలు కొంతకాలం బతికి ఉంటాయి. కానీ పొడి మట్టి టైరుకు అంటుకోదు, తడి మట్టి ముద్దలుగా పడుతుంది, ఈదే బీజాలు బయలుదేరేది కూడా తడిలోనే. ఇక్కడి ఆదివాసులైన నూంగార్ ప్రజలు ఏడాదిని ఆరు రుతువులుగా లెక్కిస్తారు. అందులో జూన్, జూలైల మకురు అంటే చలి, వాన. ఆ కాలంలో గట్టిపరచిన దారుల మీద తప్ప తొక్కకపోవడమే మేలు. దురదృష్టం ఏమిటంటే, గులకరాళ్లు వానకు అణగి చక్రం బాగా పట్టేది కూడా అప్పుడే, అందుకే అందరికీ వానాకాలంలోనే తొక్కబుద్ధి అవుతుంది.

పీగ్రావెల్_బాధితుడు

ఇది పరమ సత్యం. ఎండాకాలంలో తొక్కమనేవారు నా మోకాళ్లకు సమాధానం చెప్పాలి.

తొక్కుడుబండి

సరే, సైకిలును శుభ్రం చేయడమంటే ఏమి చేయాలో వివరంగా చెప్పండి. ఇంటికి వచ్చి గొట్టంతో కడగడం నేను ఎప్పుడూ చేసే పనే.

దారిమేస్త్రి

ఇంటి దగ్గర కడగడం మీ సైకిలుకు మంచిది, బయలుదేరేముందు కడిగి ఉండడం అడవికి మంచిది. ముందుగా గట్టి బ్రష్షుతో టైరు గాడుల్లోని మట్టి, ఫ్రేము కింద పెడళ్ల ఇరుసు దగ్గర పేరుకున్న మట్టి, బూట్ల అడుగున ఉన్న మట్టి పూర్తిగా రాల్చాలి. మట్టి ఉండగా మందు చల్లితే లోపలికి దిగదు. తరువాత 70 పాళ్లు మిథిలేటెడ్ స్పిరిట్ (తాగడానికి పనికిరాని ఆల్కహాలు), 30 పాళ్లు నీరు కలిపి, చేతి పిచికారీతో తడిసేలా చల్లి, ఆరనివ్వాలి. దారి మధ్యలో వాగు బురద దాటితే, మిట్ట ఎక్కేముందు అక్కడే ఆగి, రాలిన మట్టి రాలిన చోటే ఉండేలా తోమాలి. చైను మీద పడితే నూనె పోతుంది, మళ్లీ వేసుకోండి.

పీగ్రావెల్_బాధితుడు

ఆ సీసాను జనవరి ఎండలో కారు డిక్కీలో మరిచిపోకండి, అంటుకుంటుంది. పోలీసులు ఆపి ఏమిటిదంటే చెట్ల ఆరోగ్యం కోసమని చెప్పి ఒప్పించగలిగిన ధైర్యవంతులు ఇక్కడ రాయగలరు.

రెండో_గేరు

అభ్యంతర పత్రం సంగతి మరిచిపోకండి. నా ఉద్దేశంలో దారి తెరవమని అడిగితే ఒక్క వాక్యంలో తిప్పిపంపుతారు. ఆ మిట్టలో తెగులు ఉన్నదా లేదా అన్న పరీక్ష ఎప్పుడు చేశారో, ఆ పటాన్ని బోర్డు మీద ఎందుకు పెట్టలేదో అడగండి. తెగులు ఇప్పటికే దిగిన నేల ఎటూ ఉన్నది గనుక, సైకిలు దారిని అటు మళ్లించి, ఆ నేల నుంచి బయటికి వచ్చేచోట కడుగుడు కేంద్రం పెట్టమని అడగండి.

కాకటూ_కాలనీ

తెగులు ఉన్న నేలకు దారి మళ్లించడం వినడానికి బాగుంటుంది గానీ, అక్కడినుంచి బయటికి వచ్చే ప్రతి సైకిలూ కడుక్కుంటుందన్న నమ్మకం నాకు లేదు. పైన జర్రానీడ గారు చెప్పిన ఫోటోల బృందాన్ని గుర్తుంచుకోండి. కడుగుడు కేంద్రం దాటకుండా బయటికి రాలేని విధంగా దారి ఒకే ద్వారంతో ఉండాలి. అలా అయితే నేనూ సంతకం పెడతాను.

తొక్కుడుబండి

నలుపు తెలుపుగా తేలే వ్యవహారం కాదని అర్థమయింది. అయినా రెండు విషయాల్లో నా మాట మీదే ఉన్నాను. ఒక తెగులు పేరు రాసి, పటమూ తేదీ లేకుండా బోర్డు పాతితే తొక్కేవాడు నమ్మడు. అదే మట్టిరోడ్డు మీద తడి కాలంలో పెద్ద బండ్లను వదిలేస్తే అసలే నమ్మడు. పత్రంలో ఇవి రెండూ రాస్తాను, రెండో_గేరు గారి సూచనను కాకటూ_కాలనీ గారి ఒకే ద్వారం షరతుతో కలిపి రాస్తాను, నీటిబొట్టు గారు చెప్పిన రెండు కిలోమీటర్ల గీతను పటం మీద గుర్తించి జతచేస్తాను. నిట్టనిలువు దిగుడును తెరవమని మాత్రం అడగను, దారిమేస్త్రి గారు ఎలాగూ ఒప్పుకోరు. చిత్తుప్రతి ఇక్కడే పెడతాను, దిద్దండి.

జర్రానీడ

మట్టిరోడ్డు సంగతి రాసేటప్పుడు, వాన పడిన తరువాత ఎన్ని రోజులు గేటు మూసి ఉంచాలన్నది కూడా స్పష్టంగా అడగండి. మంటలు ఆర్పే బండికి మినహాయింపు ఉండాలని మీరే ముందుగా రాయకపోతే, ఆ ఒక్క కారణం చూపి మొత్తం కోరికను తోసిపుచ్చుతారు.

దారిమేస్త్రి

చిత్తుప్రతిలో వాలు కొలతలు కావాలంటే చెప్పండి. నేల ఆరిన తరువాత వెళ్లి కొలుద్దాము, నడిచే.